మూడు తడులు

ఆదివారం బల్ల దగ్గర
రొట్టె పళ్ళెం మా వరసలోకి వచ్చింది.
వేడి గిన్నె పట్టుకున్నట్టు
పక్కాయనకి అందించేశాను.
ఎవరూ చూళ్ళేదు.
సలోమమ్మ చూసింది.

మొగల్తూరు దిగువన మురుగుకాలవ మీద తూము లస్కర్ని నేను.
పోటుకి తలుపు దించాలి, పాటుకి ఎత్తాలి.
సముద్రం అటు, చేలు ఇటు, నడుమ నా చెయ్యి.
ఇరవై రెండేళ్ళుగా ఇంతే పని.
వానలు వెనకబడ్డ ఆ ఏడు, అమావాస్య పోటు నాడు
రొయ్యల చెరువుల మేస్త్రి బండి ఆపి
"ఒక్క రాత్రే కదా బాబాయ్" అన్నాడు.
చక్రం పదకొండు చుట్లు తిప్పాను.
గ్రీజు లేక కీచుమంది.
అవసరమై చేశానని చెప్పను.
మిక్సీ కొన్నాం.
మిగిలినదాంట్లో పదో వంతు లెక్కకట్టి
కానుకల సంచిలో వేశాను కూడా.

తెల్లారేసరికి నీళ్ళు దిగిపోయాయి.
నాలుగో రోజుకి గాని తెలీలేదు:
సలోమమ్మ కౌలు చేను, డెబ్భై సెంట్లు,
ఊడ్చిన వారానికే
ఆకు కొసలు ఎర్రబారి, మొదళ్ళు మాడి,
గట్ల మీద తెల్లటి పెచ్చు
పిండి చల్లినట్టు.

"ఏ పాపం చేశానో నాకు చూపించు తండ్రీ" అని
సభలో మోకాళ్ళ మీద ఆమె.
పెద్దలు తలలూపారు.
సత్యానందం గారు ఇంటికెళ్ళి మరీ చెప్పారట,
దెబ్బ పడిందంటే దాచుకున్నదేదో ఉంటుందమ్మా, వెతుక్కో అని.
వెతుక్కుంది.
అరువు తెచ్చి తిరిగివ్వని గంగాళం,
పోయిన అత్తగారిని ఎప్పుడో అన్న ఒక మాట,
అన్నీ బయటపెట్టి అందరి ముందూ ఏడ్చింది.
నా పాపం కోసం
ఆమె తన ఇల్లంతా ఊడ్చుకుంటోంది.
నేను మూడో బెంచీలో, పాటల పుస్తకం తెరిచి,
పేజీ తిప్పకుండా.

యోబుని ఓదార్చడానికి స్నేహితులు వచ్చారు.
అతని ఎడ్లని తోలుకుపోయినవాడి సంగతి
తర్వాత ఎవరూ ఎత్తలేదు.
వాడు కూడా వచ్చి
ఆ బూడిదలో పక్కనే కూర్చుని
"అయ్యో" అన్నాడేమో.

మారుమనస్సు అనే మాట
బాప్తిస్మం ముందు నుంచీ వింటున్నాను.
బట్టలు మార్చుకున్నట్టు
లోపల్లోపల, తలుపేసుకుని చేసేదనుకున్నాను.
అది కాళ్ళతో చేసే పనని
ఆ రాత్రి కాలవగట్టు మీద తెలిసింది.
ఆమె ఇంటికి అరమైలు.
రెండుసార్లు వెనక్కి తిరిగాను.
ఎవరిదో కోడి వేళకాని వేళ కూసింది.
ఏడుపులో నవ్వొచ్చింది.

దీపం దగ్గర మెత్తళ్ళ తలలు గిల్లుతోంది ఆమె.
చెప్పాను.
పదకొండు చుట్లూ చెప్పాను. మిక్సీ సంగతి చెప్పాను.
పదో వంతు సంగతి చెప్పడానికే ఎక్కువ సిగ్గేసింది.
చాలాసేపు చేపలే గిల్లింది.
ఆఖరికి,
"అయితే దేవుడు కాదన్నమాట."

ఆ గొంతులో ఉన్నది ఊరటో, కోపమో
ఇప్పటికీ పోల్చుకోలేను.

క్షమించమన్నాను.
"ఉప్పు పోవాలంటే మూడు తడులు పెట్టాలిరా ఏసోబూ.
కాలవ నీళ్ళు నిండా పెట్టి, తొక్కి, వదిలెయ్యాలి.
మళ్ళీ పెట్టాలి, మళ్ళీ వదలాలి.
ముందు అది చెయ్యి.
నువ్వడిగింది తర్వాత చూద్దాం."

ఇవాళ రెండో తడి.
నా ఉద్యోగం సెక్షన్ ఆఫీసులో
నేనే రాసిచ్చిన కాగితం కింద ఉంది.
సత్యానందం గారు గట్టు మీద కాసేపు నిలబడి
గొడుగు ముడుచుకుని వెళ్ళిపోయారు.
ఆమె అటు చివర బోదె తెగ్గొడుతోంది,
నావైపు చూడకుండా.
మోకాలి లోతు బురదలో ఆగి
దోసిట్లో నీళ్ళు తీసి
నాలిక్కి తగిలించాను.

ఇంకా ఉప్పగానే ఉన్నాయి.